బద్లీ సూది

పొద్దున పదిన్నర అయిందని తెలుసుకోవడానికి మా గల్లీలో ఎవరూ గడియారం చూసేవారు కాదు. కార్ఖానాలో పగటి పాళీ వాళ్లకు అన్నం డబ్బాలు పోవలసిన వేళ అది. మొదట గోపాలన్న ఇంట్లో ఆవాలు చిటపటమనేవి. ఆ వెంటనే ఎదురింట్లో వెల్లుల్లి వేగేది. తర్వాత చివరింటి ఎండుమిరప ఘాటు గల్లీ అంతా పాకేది, మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్లు దగ్గేవారు. ఆ దగ్గు విని నేను లేచి మూకుడు పొయ్యి మీద పెట్టేదాన్ని. సూరత్‌లో పర్వత్ పాటియా వెనక ఈ గల్లీకి నేను కాపురానికి వచ్చి ముప్పై ఏళ్లు. ముప్పై ఏళ్లూ అదే వరస.

పన్నెండు రోజులుగా ఆ చప్పుడు లేదు. తట్టు పోసిన ఇంట్లో తాలింపు పెట్టకూడదు. నూనె కాగిన వాసన అమ్మవారికి గిట్టదు. పిల్లకు తగ్గి, వేపాకు నీళ్లు పోసేదాకా చప్పటి పప్పు, పెరుగన్నమే. మొదట చివరింటి గుమ్మానికి వేపరెమ్మ కట్టారు. మూడోరోజుకు ఎదురింటికి వచ్చింది. ఆదివారం గోపాలన్న గుమ్మానికీ కట్టారు. పొద్దున లేవగానే బయటికి వచ్చి రెమ్మలు చూసుకోవడం నాకు అలవాటైంది. మంగళవారానికి అయిదు. చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ తాలింపు లేకపోతే, తట్టు లేని ఇంట్లో పెట్టాలన్నా చెయ్యి రాదు. నేనూ మానేశాను.

మా గుమ్మానికి ఇంకా రెమ్మ కట్టలేదు. లోపల మా మనవరాలు హిమశ్రీ ఉంది. దానికి పదో నెల నడుస్తోంది. తొమ్మిదో నెల నిండగానే తట్టు రాకుండా వేసే సూది ఒకటుంది, అది దానికి పడలేదు. వద్దన్నది మా కొడుకు నరేశ్. ఎందుకు వద్దన్నాడంటే, గోడ మీద దండ వేసి ఉన్న వాళ్ల బాపు ఫొటో చూపిస్తాడు.

మా ఆయన పేరు మార్కండేయ. కరీంనగర్ దిక్కు పల్లె. పదిహేడేళ్లప్పుడు అన్న వెంట సూరత్ వచ్చి సాంచాల మీద నిలబడ్డాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఒక్క మనిషి ఎనిమిది సాంచాలు చూసుకోవాలి. ఎనిమిదీ మోగుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినబడదు. ఆ మోతలో ఏ సాంచె మీద పోగు తెగిందో ఈయన వెనక్కి తిరగకుండా చెప్పేవాడట. ఇంట్లో మాత్రం నేను మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలికేవాడు. నా గొంతు పోగుకన్నా సన్నం అని ఎగతాళి చేసేవాడు. సాయంత్రం ఏడు దాటాక వచ్చేసరికి కనురెప్పల మీద, చెవుల్లో తెల్లటి నూగు పేరుకుని ఉండేది. కుళాయి దగ్గర తల కడుక్కుని, రెండు గ్లాసుల చాయ్ తాగి, అప్పుడు నోరు విప్పేవాడు.

విప్పితే ఎదురు మాటే. జనాభా లెక్కలాయన వచ్చి మీ ఇంట్లో ఎన్ని గదులని అడిగితే, "లోపలికొచ్చి నువ్వే చూడు సార్, రెండోది కనవడితే నాకు గూడ చెప్పు" అన్నాడు. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టేవాడు కాదు. చదవడం అంత బాగా రాదు, వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కునేవాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కున్నా కదిలేవాడు కాదు. అందరూ మొండి అనేవారు. ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

తొంభై నాలుగులో సూరత్‌కు ప్లేగు వచ్చింది. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు, ఇదంతా ఆయన చెప్పిందే. దొరికిన రైలు పట్టుకుని జనం పారిపోతున్నారు. వీళ్లిద్దరూ మూటలు కట్టుకున్నారు. అదే పొద్దున వాళ్లన్నకు జ్వరం తగిలింది. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న మనుషులు బండిలో వచ్చి అన్నను ఎక్కించుకుపోయారు. ఈయన వెనక పరుగెత్తాడు. దవాఖాన గేటు దగ్గర రేపు రమ్మన్నారు. మర్నాడు పోతే ఇంకో దవాఖానకు పంపామన్నారు. అక్కడికి పోతే ఇక్కడ అలాంటివాడు లేడన్నారు. నాలుగోరోజు పోయాడని రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అన్న ముఖం చూపించలేదు, బూడిద ఇవ్వలేదు.

"సర్కారు మంచిదో చెడ్డదో నాకెర్కలే" అనేవాడు. "నా అన్న ఏడున్నడంటే కాగితం ఇచ్చింది. నాకెర్క అయింది గదే."

ఆ కాగితం మా బియ్యం డబ్బాలో అడుగున ఉండేది. ఈ గల్లీలోనే మూడు ఇళ్లు మారాం, అది మాతోనే వచ్చింది.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడాది, ఉగాది ముందర, కార్ఖానా సేట్ గోడ మీద నోటీసు అంటించాడు. నలభై అయిదు దాటినవాళ్లు సూది వేసుకున్నట్టు రుజువు చూపిస్తేనే లోపలికి రావాలి. మా కులసమాజం హాల్లోనే క్యాంపు పెట్టారు. గల్లీ రెండుగా చీలింది. మెట్ల మీద రోజూ వాదనే. సూది వేసుకుంటే రెండేళ్లలో పోతారని ఒకరు, వేసుకోకపోతే రేషన్ ఆపేస్తారని ఒకరు. మా గల్లీ ఆశా కార్యకర్త పద్మారాణి ఇంటింటికీ తిరిగి చెప్పేది. మా కులపు పిల్లే, ఈ గల్లీలోనే పుట్టి పెరిగింది. మా ఆయనను పెద్దబాపు అని పిలుస్తుంది.

గోపాలన్న ఆమె కనబడితే చాలు అందుకునేవాడు. ఆయన మా సమాజంలో పెద్దమనిషి, మా ఆయనకు బావ వరస. మీ సార్లు ముందు వేసుకుని ఫొటో దిగారు కదా, ఆ సీసాలో నీళ్లే ఉన్నాయట, నిజమేనా అని అందరి ముందూ అడిగేవాడు. అందరూ నవ్వేవారు. ఆమెకు కోపం వచ్చేది కాదు. నాకు కూడా అదే సీసాలోంచి వేశారు గోపాల్ మామా, నీళ్లయితే నా భుజం రెండు రోజులు ఎందుకు వాచింది అనేది.

మా ఆయన ఆ పుకార్లు నమ్మేవాడు కాదు. ఆయన మాట వేరు. ఒక సాయంత్రం కుళాయి దగ్గర తల తుడుచుకుంటూ పద్మారాణితో అన్నాడు:

"పన్నెండు గంటలు నా రెక్కలు సేట్‌కు అమ్ముకుంటున్న బిడ్డా. తోలు అమ్ముకోలే. నా తోలు మీద ఏం గుచ్చాల్నో సేట్ చెప్పుడేంది, సర్కారు చెప్పుడేంది?"

"తోలు నీదే పెద్దబాపు. ఎవరు గాదన్నరు" అంది పద్మారాణి. "దగ్గు మాత్రం నీ ఒక్కనిది కాదు. అందరం ఒక్క కుళాయి కాడ నిలవడుతం."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆమె మాట తగిలిందని నాకు తెలిసింది. ఆయన మానాన వదిలేస్తే నెమ్మదిగా వెళ్లి వేసుకునేవాడేమో. కాని నోటీసు గడువు వారం. గడువు పెడితే ఆయన వెనక్కి జరుగుతాడు.

ఇక్కడ సోమలింగం గురించి చెప్పాలి. సాంచాల మీద మనిషి ఒక్కరోజు రాకపోయినా సాంచె ఆగకూడదు. జ్వరమొచ్చినా, ఇంట్లో చావైనా, తన బదులు ఒకణ్ణి నిలబెట్టి పోవాలి. అలా నిలబడేవాణ్ణి బద్లీ అంటారు. హాజరు అసలు మనిషి పేరు మీదనే పడుతుంది. బట్టను చూసి అసలు మనిషి నేశాడా బద్లీ నేశాడా ఎవరూ చెప్పలేరు. సోమలింగం ఇరవై ఏళ్లు మా గల్లీకంతా బద్లీ. తనకంటూ సాంచాలు లేవు. ఎవరు పిలిస్తే వాళ్ల పేరు మీద నిలబడేవాడు. మా ఆయనను అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. నరేశ్ పుట్టిన నాడు కూడా మా ఆయన పేరు మీద సాంచె నడిపింది అతనే.

మావాళ్లకు సూది కూడా అలాగే అనిపించింది. పని జరగాలి, పేరు పడాలి. ఎవరి చెయ్యైతేనేం.

సోమలింగం మొదట తన పేరు మీద వేసుకున్నాడు. మూడోరోజు అదే కార్ఖానాలో ఒక ముసలాయన ఆధార్ కార్డు పట్టుకుని ఇంకో క్యాంపుకు పోయాడు. ఆరోరోజు మా ఇంటికి వచ్చాడు. ముఖానికి మాస్కు, కిందికి లాగిన టోపీ, ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే వయసు. వరసలో నాలుగు వందల మంది ఉంటే ఫొటో ఎవరు పోల్చి చూస్తారు. కార్డు బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చింది నేనే. నువ్వే పోరాదా అని మా ఆయనను ఒక్కమాట అడిగాను. "సర్కారుకు కావల్సింది కాగితమే గదనే, ఇద్దాం" అన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం సోమలింగం భుజం పట్టుకుని తిరిగి వచ్చాడు.

"భూదేవి వదినా, జర మంచినీళ్లియ్యి. ముగ్గురి బలం వచ్చింది నాకు, నిలవడలేకపోతున్న" అన్నాడు.

ఇంట్లో అందరం నవ్వాం. అంతలో మా ఆయన ఫోను మోగింది. మెసేజీ. వేలు పెట్టి చదివాడు. మార్కండేయకు మొదటి సూది పడిందని ఉంది. "నొప్పి తెల్వనేలే" అని మళ్లీ నవ్వాడు. నరేశ్ అప్పుడు ఇంట్లో లేడు, సూరత్ అవతల కడోదరాలో పనికి కుదిరి అక్కడే ఉంటున్నాడు. వాడికి చెప్పవద్దని మా ఆయన అన్నాడు. కుర్రవాడు, ఎక్కడైనా నోరు జారితే సేట్‌కు తెలుస్తుందని. నేను సరేనన్నాను. ఆ సరే ఎంత దూరం పోతుందో అప్పుడు నాకేం తెలుసు.

పద్దెనిమిదో రోజున మా ఆయనకు జ్వరం వచ్చింది. మూడు రోజులకు ఊపిరి అందలేదు. దవాఖాన వరండాలో చాపల మీద మనుషులు. తలనుంచి కాళ్లదాకా ప్లాస్టిక్ కప్పుకున్న డాక్టరు రాసుకుంటూ వచ్చి, టీకా వేసుకున్నాడా అని హిందీలో అడిగాడు. మా ఆయన ఫోను నా చేతిలో ఉంది. మా ఆయన మాస్కు పైనుంచి నన్నే చూస్తున్నాడు. లేదంటే కాగితం దొంగదని తెలుస్తుంది, బయటికి పొమ్మంటారేమో, పోలీసులేమో. వాళ్లన్న సంగతి గుర్తొచ్చింది.

"హా సాబ్, లియా" అన్నాను.

డాక్టరు రాసుకుని ముందుకు పోయాడు. నాలుగోరోజు పొద్దున మా ఆయన పోయాడు.

నేను నిజం చెబితే మందు మారేదో లేదో నాకు తెలియదు. ఈ నాలుగేళ్లలో ఎవరినీ అడగలేదు. అడగాలంటే ముందు చెప్పాలి కదా.

గల్లీకి వచ్చేసరికి మాట సిద్ధంగా ఉంది. సూది మింగింది. గోపాలన్న మెట్ల మీద నిలబడి గట్టిగానే అన్నాడు. కాదనడానికి లేదు, ఫోనులో మెసేజీ ఉంది, దవాఖాన కాగితం మీద కూడా సూది పడిందనే ఉంది. కాగితాలు నమ్మనివాణ్ణి రెండు కాగితాలు కలిసి సూదికి పోయినవాడిని చేశాయి. పద్మారాణి వచ్చి నా ముందు కూర్చుని, పెద్దమ్మా నేనే బలవంతపెట్టానా అని ఏడ్చింది. ఆమె చేతులు పట్టుకున్నాను. ఒక్కమాట చెబితే ఆ పిల్ల గుండె మీది బండ దిగేది. చెప్పలేదు. దినాలు కూడా కాలేదు, ఊరంతా చేరి ఉన్నారు, ఆయన పరువు పోతుందనుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాతకి తర్వాత వచ్చింది.

సోమలింగం పదోరోజున వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆ నెలే గల్లీ వదిలి కడోదరా పోయాడు. ఎవరికీ బద్లీ నిలబడటం లేదని విన్నాను.

మా ఆయన ఫొటోను నరేశ్ ఫోన్లో పెట్టాడు. సూది పడిన మూడు వారాలకు మా బాపు పోయాడని కింద రాశాడు. అది ఎన్ని ఊళ్లు తిరిగిందో. ఆరు నెలల తర్వాత కూరగాయల బజారులో ఎవరో ఆడమనిషి నాకు ఫోను చూపించి, చూడక్కా పాపం, ఎంత నిబ్బరంగా ఉన్నాడు, ఇతణ్ణి కూడా చంపేశారు అంది. అదే ఫొటో. నరేశ్ పదో తరగతి పాసైన రోజున స్టూడియోలో దిగింది. పక్కన నేనున్నాను, నన్ను కత్తిరించేశారు. ఆమెకు నేనెవరో తెలియదు. వంకాయలు తీసుకుని వచ్చేశాను.

బాపు పోయాక నరేశ్ ఇక్కడి కార్ఖానాకే మారాడు, పెళ్లయింది, కోడలు సుమన వచ్చింది, పాప పుట్టింది. దవాఖానలో పుట్టినప్పుడు వేసే సూది వాళ్లే వేసేశారు. ఇంటికి వచ్చాక వాడు ఇక ఒక్కటీ పడనివ్వలేదు. పాపను ముద్దు చేయడంలో వాడిని మించినవాడు లేడు. రాత్రి పాళీ నుంచి రాగానే నూగు కడుక్కునేదాకా దాన్ని ముట్టుకోడు. భయంతోనే వద్దంటాడు. ఆ భయం వాడికి నేను పెంచి ఇచ్చింది.

చివరింట్లో తట్టు కనబడ్డ మర్నాడు పద్మారాణి నర్సమ్మను తోడు తెచ్చుకుని, టీకాల మంచు డబ్బా భుజాన వేసుకుని వచ్చింది. నరేశ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అన్నా, ఇక్కడ ఓరీ తిరుగుతున్నది" అంది. గుజరాతీ వాళ్లు తట్టును ఓరీ అంటారు. "పాపకు ఇయ్యాల్నే వేయించు. రెండు నిమిషాల పని."

"మా బాపును అడుగు. ఆయన సరే అంటే వెయ్యి" అని వాడు గోడ మీది ఫొటో చూపించాడు.

ఆమె తల దించుకుంది. పోతూ పోతూ మా గుమ్మం పక్క గోడ మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టింది. సూది పడిన ఇంటికి సున్నా. ఇంటూ ఉంటే ఇంకా మిగిలిన ఇల్లు, మళ్లీ రావాలి అని. మా ఇంటి మీద ఈ గీతలేంది, తుడిచెయ్యమ్మా అన్నాడు నరేశ్. పొద్దున గడప కడుగుతూ అదే నీళ్లతో తుడిచేశాను. ఆరు రోజులకు మళ్లీ వచ్చి మళ్లీ పెట్టింది. మళ్లీ తుడిచాను.

ఆ తుడిచిన రోజునే గోపాలన్న గుమ్మానికి రెమ్మ కట్టారు. ఆయన మనవరాలు విజయశ్రీకి ఏడాదిన్నర. మా పాపను చూస్తే బుగ్గ గిల్లి పారిపోయేది. మొదట కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, చెవుల వెనక నుంచి ఎర్రటి చుక్కలు దిగాయి. గోపాలన్న కుళాయి దగ్గర పద్మారాణిని పట్టుకుని, నీ డబ్బా గల్లీలో తిరగబట్టే రోగం వచ్చిందన్నాడు. ఎవరూ నవ్వలేదు. సోమవారం ఆ పిల్లకు రొప్పు మొదలైంది. పక్కటెముకలు లోపలికి పోయేలా ఊపిరి తీస్తోందని వాళ్ల కోడలు చెప్పింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. ఇంకా తీసుకురాలేదు. గోపాలన్న మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల ముఖాలు చూస్తున్నాడు.

సోమవారమే పద్మారాణి మూడోసారి వచ్చి గుర్తు పెట్టింది. ఈసారి నరేశ్ నిద్రలో ఉన్నాడు. నా చెవి దగ్గర చెప్పింది:

"పెద్దమ్మా, గురువారం పొద్దుగాల సూదులేసే కొత్త టీమ్ వస్తది. వాళ్లకు మన గల్లీ ఎర్కలే, గోడలు చూసుకుంట పోతరు. గుర్తు ఉన్న ఇంటి తలుపే కొడతరు. ఆ తర్వాత వేరే ఇలాఖకు పోతరు."

నేను లోపలికి వచ్చి సుమనను చూశాను. ఆ పిల్ల అంతా విన్నది. నువ్వు తీసుకుపోయి వేయించరాదా అన్నాను. "ఆయనను కాదని తీస్కపోతే ఇంట్ల నేనుండలేను అత్తమ్మా. మీరు చెప్తే వింటడు" అంది. నేనేం చెప్పాలో ఆమెకు తెలియదు. నాకే తెలుసు.

మంగళవారం నరేశ్ పడుకున్నాక కడోదరా పోయాను. ఒంటరిగా అంత దూరం ఎప్పుడూ పోలేదు. హైవే పక్కన మూడు కార్ఖానాల్లో అడిగితే నాలుగో దాంట్లో సోమలింగం కనబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే సాంచె ఆపేశాడు. ఆ మనిషి సాంచె ఆపడం నేనెప్పుడూ వినలేదు.

బయట చాయ్ బండి దగ్గర సంగతంతా చెప్పాను. చాయ్ తాగకుండా గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"నేను చెప్తే నన్ను ఖూనీ చేసినోడంటరు వదినా. నాకు పడ్డ సూది అన్నకు పడవల్సింది గద. నేను బతికిన, ఆయన పోయిండు. నాలుగేండ్ల సంది నా పేరు మీద నేను నిలవడుతున్న, అయినా ఆయన బద్లీ లెక్కనే ఉన్నది."

"చెప్పుడు నేను చెప్త. నువ్వు పక్కన నిలవడు చాలు."

బుధవారం సాయంత్రం ఆరింటికి వచ్చాడు. నరేశ్ పాళీకి పోవడానికి చొక్కా వేసుకుంటున్నాడు. సుమన పాపను ఒళ్లో పెట్టుకుని చప్పటి పప్పన్నం తినిపిస్తోంది. ఫొటో ఎదురుగా నిలబడి చెప్పాను.

"నరేశ్, మీ బాపుకు సూది పడలే."

వాడు గుండీ పెట్టుకుంటూ ఆగాడు. "ఏందమ్మా?"

"పడలే బిడ్డా. ఆయన పేరు మీద సోమలింగం వేసుకున్నడు. కార్డు ఇచ్చింది నేనే."

వాడు సోమలింగం వైపు చూశాడు. సోమలింగం చొక్కా చెయ్యి భుజం దాకా పైకి లాగి చూపించాడు. అక్కడ మచ్చ ఏమీ లేదు, ఉంటుందని అతనూ అనుకోలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"దవాఖానల?" అని నరేశ్ నన్ను అడిగాడు.

"డాక్టర్ అడిగితే వేసుకున్నడనే చెప్పిన."

పాప పళ్లెం మీద గరిటెతో కొట్టింది. నరేశ్ గోడకు ఆనుకున్నాడు.

"నాలుగేండ్లు" అన్నాడు. "నాలుగేండ్లు కనవడ్డోనికల్లా చెప్పుకుంట తిరిగిన. ఎంతమంది నా మాట విని వేసుకోలేదో. ఎంతమంది పిల్లలకు వేయించలేదో. నువ్వు ఈన్నే కూసొని విన్నవు."

"విన్న."

"గిప్పుడు పోయి ఏమని చెప్పాలె నేను? మా బాపు దొంగ కాగితం చేయించిండు, మా అమ్మ అబద్ధమాడింది అని చెప్పాల్నా?"

"చెప్పకు. ఎవ్వరికి చెప్పకు. పాపకు వేయించు."

వాడు తల అడ్డంగా ఊపాడు. కోపం కన్నా మొండితనం కనబడింది, అచ్చం వాళ్ల బాపుదే. "బాపు వద్దనుకున్నడు. ఆయన ఒళ్లు ఆయనిష్టం. నా బిడ్డ ముచ్చట నేను చూసుకుంట. మీరందరు గలిసి నన్ను తొందరవెట్టకుండ్రి."

"ఆయన తన ఒళ్లు తనదన్నడు. పాప ఒళ్లు నీదెట్లయితది బిడ్డా?"

వాడు డబ్బా తీసుకున్నాడు. గుమ్మం దాటి, ఆ మధ్యాహ్నం పద్మారాణి మళ్లీ పెట్టిపోయిన గుర్తు ముందు కొంచెంసేపు ఆగాడు. ఇటు తిరగకుండానే అన్నాడు:

"పొద్దుగాల నేనొచ్చేసరికి ఇది కనవడొద్దు."

సోమలింగం చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. ఏడు గంటల కూత వినబడేదాకా మెట్ల మీద గోపాలన్న పక్కన కూర్చుని లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు గురువారం. తెల్లవారింది. రోజూ ఈ వేళకు నేను నాలుగు చెంబులు పోసి గడప కడిగి, గోడ తడిగుడ్డతో తుడిచి, ముగ్గు వేస్తాను. ముప్పై ఏళ్లలో పురుడప్పుడు, ఆయన పోయినప్పుడు తప్ప ఆ పని మానలేదు. బకెట్ నిండా నీళ్లు పట్టి పెట్టాను. గుడ్డ అంచు మీద వేసి ఉంది.

గోపాలన్న ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. మనుషులు మసలుతున్నారు గాని మాటలు వినబడటం లేదు. ఏమైందని అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు. రెమ్మలు చూశాను. రాత్రికి రాత్రి ఆరోది కట్టారు, మా పక్కింటికే.

సుమన పాప టీకాల కార్డు దిండు కింద నుంచి తీసి, గుమ్మం దగ్గర పీట మీద పెట్టింది. పాప నిద్రలో ఒకసారి తుమ్మింది. ఇద్దరం అటు చూశాం. నుదురు ముట్టుకున్నాను. చల్లగానే ఉంది. కాసేపాగి మళ్లీ ముట్టుకున్నాను.

ఏడింటి కూత కూసింది. నరేశ్ నడిచి రావడానికి పావుగంట. టీమ్ వచ్చేది తొమ్మిదికి అని పద్మారాణి చెప్పింది. ఈ మధ్యలో వాడు ఆ గుర్తును చూస్తాడు. బకెట్ అక్కడే ఉంది, వాడికీ చేతులున్నాయి. తుడుస్తాడో, తుడవకుండా లోపలికి వస్తాడో నాకు తెలియదు.

నేను మాత్రం గడప కడగలేదు. గోడ తుడవలేదు. సుద్ద గుర్తు పక్కన ఇంకో పీట వేసుకుని కూర్చున్నాను.